సెటప్ అంకెలు వేసేటప్పుడు అవి ఎక్కడివో కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ పత్రిక యువతరం పేజీలో, కంప్యూటర్ మీద రేసింగ్ ఆటలు ఆడే పిల్లల కోసం ఒక స్పోర్ట్స్ కారుకు 'ఉత్తమ సెటప్' (టైరు గాలి, బ్రేకు, స్ప్రింగుల వంటి వాటి అమరిక) అనే పేరుతో పన్నెండు వరుసల పట్టిక ప్రచురించారు. ఇటువంటి విషయానికి ఒక తెలుగు దినపత్రిక అరపేజీ కేటాయించడం నాకు నిజంగానే సంతోషం కలిగించింది. అయితే ఆ పట్టికను అచ్చువేసిన తీరు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. అందులో ఒక అంకె అచ్చుతప్పు అనుకుంటున్నాను, దాని సంగతి కూడా ఈ ఉత్తరంలోనే రాస్తున్నాను.

నేను ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు శిక్షకుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. నల్లగొండలో మా ఇంటి మేడ మీద గదిలో మా అబ్బాయి కొనిపెట్టిన కంప్యూటరు, స్టీరింగు, పెడళ్లు ఉన్నాయి. మిర్యాలగూడ రోడ్డులో ట్రాక్టర్ల షెడ్డు నడుపుతున్న నా పాత విద్యార్థి ఒకడు వారానికి రెండు మూడు సాయంత్రాలు వచ్చి నాతో కలిసి ఆడతాడు. మేము ఆడేది ఎక్కువగా 2014లో విడుదలైన అసెట్టో కోర్సా. దాన్ని తయారుచేసిన కూనోస్ సిములాజియోని అనే ఇటలీ సంస్థ రోమ్ నగరానికి ఉత్తరాన ఉన్న వల్లెలుంగా రేసు ట్రాకు దగ్గరే కార్యాలయం పెట్టుకుని పనిచేసింది. ఆ ఆటలో కారు బరువుగా, నిజంగా ఉన్నట్టు అనిపించడానికి అదొక కారణమేమోనని మేమిద్దరం తరచుగా అనుకుంటాం.

మీ పట్టికలోని అంకెలను నా విద్యార్థి ఆదివారం సాయంత్రమే మక్కికి మక్కి ఎక్కించి, బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తీసేసి ట్రాకు మీదికి దిగాడు. మొదటి మలుపు సాఫీగా దాటాడు. రెండో మలుపుకు ముందు గట్టిగా బ్రేకు తొక్కగానే కారు బొంగరంలా తిరిగి గడ్డిలోకి పోయింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అదే చోట అదే తీరు. "సార్, ఎనక కొడుతున్నది, నా కాలు తప్పు గాదు" అన్నాడు. నేను పట్టిక తీసి చూస్తే బ్రేకు బయాస్, అంటే బ్రేకు బలాన్ని ముందు వెనక చక్రాలకు పంచే వాటా, అన్న వరుసలో ముందు చక్రాలకు 57 శాతం అని ఉంది.

ఆ 57 ఎందుకు కుదరదో ఐటీఐ తరగతిలో నల్లబల్ల మీద వేసే లెక్కతోనే చెప్పవచ్చు. కారు బరువు 1200 కిలోలనీ, ముందు చక్రాల మీద సగం, వెనక చక్రాల మీద సగం పడుతుందనీ, గురుత్వ కేంద్రం నేలకు అర మీటరు ఎత్తున ఉందనీ, ముందు వెనక చక్రాల నడుమ దూరం రెండున్నర మీటర్లనీ అనుకుందాం. భూమ్యాకర్షణ త్వరణానికి సమానమైన బలంతో బ్రేకు పడినప్పుడు 1200ను 0.5తో గుణించి 2.5తో భాగిస్తే 240 కిలోల బరువు వెనక నుంచి ముందుకు మారుతుంది. అప్పుడు ముందు చక్రాల మీద 840, వెనక చక్రాల మీద 360 కిలోలు ఉంటాయి. అంటే ఆ క్షణంలో వెనక చక్రాలు మోస్తున్నది మొత్తం బరువులో 30 శాతమే. మీ పట్టిక ప్రకారం వాటి మీద పడుతున్న బ్రేకు బలం మాత్రం 43 శాతం. తేలికైపోయిన చక్రానికి అంత బ్రేకు వేస్తే అది తిరగడం ఆగిపోయి జారుతుంది, జారిన చక్రానికి పక్కకు నిలబడే పట్టు ఉండదు, కనుక కారు వెనక భాగం ముందుకు రావాలని చూస్తుంది. అసలు అంకె 75 అయి ఉండి అచ్చులో తారుమారై 57గా పడిందని నా అనుమానం. 75 పెట్టి నడిపితే కారు తిన్నగా ఆగింది. కొంత మొండిగా ఆగింది గాని తిరగబడలేదు.

అచ్చుతప్పులు ఎవరికైనా వస్తాయి, అది నా అసలు ఫిర్యాదు కాదు. ఆ ఒక్కటీ సరిచేసినా ఆ పట్టిక ఎవరికీ పనికిరాదు. ఎందుకంటే అవి ఏ ట్రాకు మీద, ఎంత ఎండలో, ఎన్ని లీటర్ల పెట్రోలుతో, ఏ టైర్లతో, స్టీరింగుతోనా చేతి రిమోటుతోనా, ఏ తీరున నడిపేవాడికి కుదిరిన అంకెలో అందులో ఎక్కడా లేదు. జ్వరం ఎవరిదో చెప్పకుండా మందుచీటీ ఒక్కటే అచ్చువేసినట్టుంది.

అన్నింటికన్నా ముందు టైరు గాలి సంగతి చెప్తాను, ఎందుకంటే కారుకు నేలతో ఉన్న సంబంధమంతా అరచేయంత నాలుగు రబ్బరు ముక్కలతోనే. మీ పట్టికలో నాలుగు టైర్లకూ 26 పీఎస్ఐ అని ఉంది. అది చల్లగా ఉన్నప్పటి గాలా, నాలుగు రౌండ్లు తిరిగి వేడెక్కిన తరువాతి గాలా? గాలి పరిమాణం మారకుండా వేడి పెరిగితే దాని ఒత్తిడి పరమ ఉష్ణోగ్రతను బట్టి పెరుగుతుందని పిల్లలు ఇంటర్మీడియట్‌లోనే చదువుతారు. 25 డిగ్రీల వద్ద 26 పీఎస్ఐ నింపిన టైరు 80 డిగ్రీలకు చేరితే, వాతావరణపు 14.7 కూడా కలిపి లెక్క వేస్తే, గేజీ మీద 33.5 దాకా చూపిస్తుంది. ఏడున్నర పీఎస్ఐ తేడా అంటే రెండు వేర్వేరు కార్లు అన్నంత తేడా. ఇది మన లారీ డ్రైవర్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. మే నెలలో నార్కట్‌పల్లి దగ్గర మిట్టమధ్యాహ్నం టైరు పట్టి చూసి గాలి ఎక్కువైందని తీసేయబోయే కుర్ర క్లీనరును, పొద్దున చల్లబడ్డాక చూడమని పెద్ద డ్రైవరు వారించడం నేను ఎన్నోసార్లు విన్నాను. అదే విషయం ఆటలో ట్రాకు ఉష్ణోగ్రత అనే గడిలో దాగి ఉంటుంది. మన పిల్లలు ఆ గడిని చూడకుండా దాటిపోతారు.

ఇలాంటి ఆటల్లో చాలావాటిలో ఒక్కొక్క టైరు లోపలి అంచు, నడుము, బయటి అంచు ఎంత వేడెక్కాయో విడివిడిగా చూసుకునే వీలుంటుంది. నడుము అంచులకన్నా ఎక్కువ వేడెక్కితే గాలి ఎక్కువైందని అర్థం, అంచులు రెండూ నడుముకన్నా వేడెక్కితే గాలి తక్కువైందని అర్థం. లోపలి అంచు కొంచెం ఎక్కువ వేడిగా ఉండడం రేసు కారుకు సహజమే. కాని బయటి అంచుకన్నా మరీ ఎక్కువైతే క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలిన కోణం, అవసరానికి మించిందన్నమాట. పట్టికలోని అంకెకన్నా ఈ మూడు వేడులు చదవడం నేర్పి ఉంటే ఆ అరపేజీ సార్థకమయ్యేది. తన కారుకు ఎంత గాలి కావాలో పిల్లవాడు తనే తేల్చుకునేవాడు.

ఇక మలుపులో కారు తీరు. 'ముందు తిరుగుతలేదు' అనీ, 'ఎనక కొడుతున్నది' అనీ మా పిల్లలు చెప్పే రెండు ఫిర్యాదుల్లోనే సెటప్ శాస్త్రం సగం ఉంది. దానికి మూలసూత్రం ఎడ్లబండి తోలిన ప్రతి రైతుకూ తెలుసు. వడ్ల బస్తాలు ముందుకు ఎక్కువ వేస్తే ఎడ్ల మెడల మీద బరువు పడుతుంది, వెనక్కి ఎక్కువ వేస్తే కాడి పైకి లేస్తుంది. బరువు ఎక్కడ పడుతున్నదో దాన్నిబట్టే బండి నడక. కారులో తేడా ఏమిటంటే, బస్తాలు కదలకపోయినా బ్రేకు తొక్కినప్పుడు బరువు ముందుకు, యాక్సిలరేటరు తొక్కినప్పుడు వెనక్కు, మలుపు తిరిగినప్పుడు బయటి వైపుకు మారుతూనే ఉంటుంది. టైరు మీద బరువు రెట్టింపయితే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అందువల్ల మూడేసి వందల కిలోలు మోసే రెండు టైర్లు కలిసి ఇచ్చే పట్టుకన్నా, ఒకటి ఐదు వందలు, రెండోది వంద మోస్తే వచ్చే మొత్తం పట్టు తక్కువ. ముందు యాంటీ రోల్ బార్, అంటే ఎడమ కుడి చక్రాలను కలిపి కారు ఒరగకుండా పట్టే కడ్డీ, గట్టిపరిస్తే కారు పక్కకు ఒరగడం తగ్గుతుంది. అది చూసి పిల్లలు సంబరపడతారు. కాని మలుపులో బయటికి మారే బరువులో ఎక్కువ వాటా ముందు చక్రాల జత మీదికే వచ్చి, బయటి టైరు అధికభారంతో, లోపలి టైరు తేలికగా మిగిలి, ముందు పట్టు తగ్గి, కారు మలుపు తిరగక బయటికి పోతుంది. కనుక ముందు తిరగడం లేదని ఫిర్యాదు చేసేవాడు ముందు బార్ మెత్తపరచాలి, లేదా వెనకది కొంచెం గట్టిపరచాలి. మీ పట్టికలో ముందు బార్ చాలా గట్టిగా, వెనకది చాలా మెత్తగా ఉంది. నెమ్మదైన మలుపులు ఎక్కువగా ఉండే ట్రాకు మీద దానితో నడిపితే స్టీరింగు ఎంత తిప్పినా కారు గోడవైపే చూస్తుంది.

ఇంజను శక్తిని రెండు చక్రాలకు పంచుతూ అవి వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ గురించి నాకన్నా నా విద్యార్థి బాగా చెప్పగలడు. సాగర్ ఎడమ కాలువ కింద దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఒక చక్రం బురదలో ఊరకే తిరుగుతుంటే డ్రైవరు డిఫరెన్షియల్ లాక్ పెడలు తొక్కుతాడు, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగి బండి బయటపడుతుంది. ఆ పెడలు వదలకుండానే గట్టు దగ్గర తిప్పబోతే ట్రాక్టరు తిరగదు, నేరుగా పోతుంది. మలుపులో బయటి చక్రం లోపలి చక్రంకన్నా ఎక్కువ దూరం పోవాలి, దాన్ని లాక్ పోనివ్వదు. ఆటలో డిఫరెన్షియల్ లాక్ శాతం పెంచడం అంటే ఆ పెడలును కొంతమేరకు తొక్కి ఉంచడమే. మలుపు దాటాక వేగం అందుకునేటప్పుడు అది మేలు చేస్తుంది, మరీ ఎక్కువైతే రెండు వెనక చక్రాలూ ఒక్కసారే పట్టు తప్పి కారు వెనక జారుతుంది. మలుపులోకి దిగేటప్పుడు కారు మొండికేస్తుంది. ట్రాక్టరు నడిపిన వాడికి ఈ మాట ఒక్కసారి చెప్తే చాలు. మా జిల్లాల పిల్లలకు ఈ ఆటలు చాలా దగ్గరివని నేను అనుకోవడానికి కారణం అదే.

వెనక రెక్క కారును నేలకు అదిమి మలుపులో పట్టు పెంచుతుంది, దానితోపాటు గాలి అడ్డగింపునూ పెంచుతుంది. దాని విషయంలో పట్టిక 'గరిష్ఠం' అని ఒక్కమాటలో తేల్చేసింది. వేగం రెట్టింపయితే గాలి అడ్డగింపు నాలుగింతలు అవుతుంది, దాన్ని దాటడానికి కావలసిన ఇంజను శక్తి ఎనిమిదింతలు. ఇటలీలోని 5.793 కిలోమీటర్ల మోంజా ట్రాకులో పొడుగైన తిన్నని దారులు ఎక్కువ కనుక రెక్కను వీలైనంత పలచగా ఉంచుతారు. 3.337 కిలోమీటర్ల మొనాకోలో వీధి మలుపులే అంతా కనుక పెద్ద రెక్క పెడతారు. 2011 నుంచి 2013 దాకా మూడు ఫార్ములా వన్ రేసులు జరిగిన మన బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు. అందులో కిలోమీటరుకు పైబడిన తిన్నని దారి ఒకవైపు, వరుస మలుపులు మరోవైపు ఉండడంతో రెక్క దగ్గర రాజీ తప్పదు. జర్మనీలో 20 కిలోమీటర్లు దాటిన నూర్బర్గ్‌రింగ్ పాత ట్రాకు మీదయితే రెక్కకన్నా ముందు కారు ఎత్తు చూసుకోవాలి. అక్కడి ఎగుడుదిగుళ్లకు నేలకు మరీ దించిన కారు అడుగు రాసుకుపోతుంది.

గేర్ల గురించి ఎక్కువ రాయను. ఫైనల్ డ్రైవ్, అంటే చక్రాలకు ముందున్న చివరి గేరు నిష్పత్తి, 4.00 నుంచి 4.40కి మారిస్తే చక్రాల దగ్గర లాగుడు పదో వంతు పెరుగుతుంది. అదే ఇంజను చుట్ల దగ్గర 250 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 227 దగ్గరే ఆగిపోతుంది. పిక్కప్ కావాలో పరుగు కావాలో ట్రాకులోని అన్నింటికన్నా పొడుగైన తిన్నని దారి చెప్తుంది.

పెట్రోలు సంగతి పట్టికలో అసలు లేనే లేదు. 60 లీటర్లు అంటే దాదాపు 45 కిలోలు. ఒక పిల్లవాడు కారులో కూర్చున్నంత బరువు అది. రెండు రౌండ్ల వేగం చూసుకోవడానికి పది లీటర్లతో దిగిన కారుకు కుదిరిన స్ప్రింగులు నిండు ట్యాంకుతో గంటసేపు నడిచే కారుకు కుదరవు.

సెటప్‌ను అరువు తెచ్చుకునే అలవాటు మీ పత్రికతో మొదలైంది కాదు. ఫోర్జా హొరైజన్ ఆటల్లో ఒకరు కుదుర్చుకున్న ట్యూనింగును తొమ్మిది అంకెల కోడుతో ఇంకెవరైనా తమ కారుకు దించుకోవచ్చు. అది సరదాకు మంచిదే, కొత్తవాడికి మొదటి రోజు ఆసరా కూడా. కాని నేను చూసిన కుర్రవాళ్లలో ఎక్కువమంది ఆ కోడు పనిచేయకపోతే మరో కోడు వెదుక్కుంటారు తప్ప, ఉన్నదానిలో ఏది తమకు నప్పలేదో చూడరు. 1997 డిసెంబరులో జపాన్‌లో మొదటి గ్రాన్ టురిస్మో ఆట వచ్చేనాటికే ఇంట్లో కూర్చున్న ఆటగాడి చేతిలో సస్పెన్షన్, గేర్లు మార్చుకునే వీలు ఉంది. అక్కడి నుంచి ఇంతకాలం గడిచినా, ఆ గడులు ఏం చేస్తాయో వివరంగా చెప్పే తెలుగు రాత నాకు ఇంతవరకూ కంటపడలేదు. ఆ కొరత తీర్చే అవకాశం మీ చేతికి వచ్చి, పట్టిక దగ్గర ఆగిపోయింది.

మేమిద్దరం అనుసరించే పద్ధతి చాలా పాతది. ఒక వంద పేజీల నోటుపుస్తకం. కారు, ట్రాకు, ట్రాకు వేడి, పెట్రోలు ముందే రాసుకుంటాం. ఏమీ మార్చకుండా ఐదు రౌండ్లు తిరిగి సమయాలు రాస్తాం. తరువాత ఒక్కటంటే ఒక్కటే మార్చి మళ్లీ ఐదు రౌండ్లు. రెండు మార్చితే, మేలు చేసింది ఏదో కీడు చేసింది ఏదో తేలదు. మొదటి నెల మా విద్యార్థికి ఇది పరమ విసుగు. ఒకే సాయంత్రం ఆరు అంకెలు మార్చి రెండు సెకన్లు తగ్గించుకుని, మరునాడు అదే కారు ఎందుకు తిరగడం లేదో తెలియక తలపట్టుకున్నాడు. అప్పటి నుంచి పుస్తకం లేకుండా కూర్చోడు. అందులో అతను రాసిన వాటిలో నాకు నచ్చినది ఒకటి: "వెనక బార్ రెండు మెట్లు మెత్త. సమయం మారలేదు. చేతులు నొప్పి లేవు." సమయం తగ్గకపోయినా, గంటసేపు నడపవలసిన రేసులో డ్రైవరుకు శ్రమ తగ్గించే సెటప్పే మంచిదని ఏ పట్టికా చెప్పదు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మేమిద్దరం వెళ్లి చూశాం. ఆ రోజు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ పోటీలో అన్ని జట్లకూ ఒకే చట్రం, ఒకే బ్యాటరీ, ఒకే టైర్లు. తేడా వచ్చేదల్లా మోటారు భాగాల్లో, సాఫ్ట్‌వేరులో, సెటప్‌లో, నడిపే మనిషిలో. ఒకే కారు ఇద్దరి చేతుల్లో రెండు విధాలుగా నడుస్తుందని కళ్లారా చూసిన తరువాత 'ఉత్తమ సెటప్' అన్న మాట నాకు మింగుడుపడదు.

మీ వ్యాసంలో లేని ఒక హెచ్చరిక కూడా ఇక్కడ రాయక తప్పదు. ఆటలోని క్యాంబర్, ఎత్తు, స్ప్రింగు అంకెలను ఇంటి కారుకు ఎక్కించాలని కుర్రవాళ్లు షెడ్డుకు వస్తున్నారని నా విద్యార్థి చెప్పాడు. రోడ్డు కారుకు అంత క్యాంబర్ పెడితే టైరు లోపలి అంచు కొన్ని నెలల్లోనే అరిగిపోతుంది, వర్షంలో బ్రేకు పట్టు తగ్గుతుంది. తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతించదు. విజయవాడ రహదారి మీద ల్యాప్ టైము చూసుకునే పిల్లల గురించి రాయాలంటే మరో ఉత్తరం కావాలి.

కాబట్టి నా విన్నపం ఇంతే. ఇకమీదట ఇటువంటి పట్టిక వేసినప్పుడు, అంకెలకన్నా ముందు ట్రాకు పేరు, ట్రాకు ఉష్ణోగ్రత, పెట్రోలు లీటర్లు, టైరు రకం, టైరు గాలి చల్లనిదా వేడిదా, నడిపింది దేనితో అన్న ఆరు వివరాలు వేయండి. ప్రతి అంకె పక్కన అది పెరిగితే ఏమవుతుందో, తగ్గితే ఏమవుతుందో ఒక చిన్న వాక్యం చేర్చండి. స్థలం చాలకపోతే పన్నెండు వరుసలకు బదులు నాలుగే వేయండి. ముందుగా మాత్రం, గత ఆదివారం పట్టికలో తొమ్మిదో వరుసలోని 57, 75 అవునో కాదో ఆ వ్యాసకర్తను అడిగి, వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయగలరు. ఈ లోపల ఆ అంకెతో గడ్డిలోకి పోతున్న పిల్లలు తమ కాలిదే తప్పనుకుంటూ ఉంటారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
నల్లగొండ.